సోమవారం ఒక్కపొద్దు

మా ఇంట్లో సోమవారం సాయంత్రం పొయ్యి వెలిగేది కాదు. పొద్దున చేసిన జొన్న రొట్టెలో, కాస్త అన్నమో పిల్లల కోసం ఉట్టి మీద ఉండేది. దాన్ని పచ్చిపులుసుతో కలుపుకుని తిని పడుకునేవాళ్లం. నాయన మాత్రం చెంబెడు మంచినీళ్లు తాగి, అరుగు మీద తువాలు పరుచుకుని కూర్చునేవాడు. వారం సోమవారం కాబట్టి శివుడికి ఒక్కపొద్దు ఉంటున్నాడని ఊరంతా అనుకునేది. చెర్వుగట్టు జాతరకు వెళ్లేవాళ్లు అదే నమ్మకంతో నాయనను తమ బండిలో ఎక్కించుకునేవారు. ఆయన కాదనకుండా వెళ్లి దండం పెట్టుకుని వచ్చేవాడు. ఒక్కపొద్దు ఎవరికోసమో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక సోమవారం రాత్రి అడిగాను. "నాయనా, ఏ దేవుడికి మొక్కుకున్నావు?" ఆయన మాట్లాడకుండా లాంతరు తీసుకుని లోపలికి నడిచాడు. గోడకు వరుసగా పటాలు ఉండేవి. తిరుపతి వెంకటేశ్వరస్వామి, యాదగిరి నరసింహస్వామి, లక్ష్మీదేవి, ఆ చివర తెల్లటోపీ పెట్టుకున్న ఒక చిన్నపాటి మనిషి. లాంతరు ఆ చివరి పటం దగ్గరికి ఎత్తి, "ఈయనకు" అన్నాడు.

అది క్యాలెండరులోంచి కత్తిరించి మిర్యాలగూడలో అద్దం కట్టించిన బొమ్మ. పండుగలకు నాయనమ్మ పటాలన్నింటికీ బొట్లు పెడుతూ ఆయన నుదుటి మీద కూడా, అద్దానికి, కుంకుమ అద్దేది. అందుకని నేను అప్పటిదాకా ఆయనను కూడా ఎవరో స్వామి అనుకున్నాను. లాల్ బహదూర్ శాస్త్రి అనే పేరు మొదటిసారి విన్నది ఆ రాత్రే.

పేరు విన్నాక ఇంకో పొరపాటు పడ్డాను. శాస్త్రి అంటే మన దగ్గర పంచాంగం చెప్పే ఇళ్లలో ఉండే పేరు. ప్రధానమంత్రి అయిన పురోహితుడు కాబోలు అనుకున్నాను. నాయనకూ అంతకంటే తెలియదు. మా బడిలో సాంఘికశాస్త్రం చెప్పే సారు దాన్ని సరిచేశారు. ఆయన ఇంటిపేరు శ్రీవాస్తవ. కులం తెలిపే పేరు వద్దనుకుని చిన్నతనంలోనే వదిలేశారు. జాతీయోద్యమ కాలంలో వెలసిన కాశీ విద్యాపీఠంలో చదివి 1925లో పట్టా పొందితే, ఆ పట్టా పేరే శాస్త్రి. అదే మనిషికి అతుక్కుపోయింది. ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నాయన చేతిలో పగ్గం పేనుతున్నాడు. పేనడం ఆపి, "చదువు పేరా!" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఈ మాట చెప్పాడు. తాను బడికి వెళ్లని మనిషి కాబట్టి, చదువునే పేరుగా పెట్టుకున్నవాడంటే ఆయన కళ్లలో ఒక వెలుగు కనిపించేది.

మా ఊరు మిర్యాలగూడకు పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఇప్పుడు చూసేవాళ్లకు చుట్టూ వరిపొలాలే. నాయన పుట్టిన 1941 నాటికి అదంతా చెలక. ఆముదాలు, సజ్జలు, జొన్నలు. వాన పడితే పంట, లేదంటే వలస. ఆ వలసలోనే నాయన పదిహేడేళ్లప్పుడు నందికొండకు వెళ్లాడు. అక్కడ కృష్ణకు అడ్డంగా రాతికట్ట లేస్తోంది. 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కట్ట. ఇప్పటిలా యంత్రాలు వచ్చి పోసిన కాంక్రీటు కాదు, మనుషులు మోసిన రాయి. ఒకరి వెనక ఒకరు, ఆడా మగా, చీమల బారులా ఎక్కుతూ దిగుతూ వేల మంది కట్టారు. ఆ వేల మందిలో మా నాయన ఒకడు.

ఆయన ఎడమ భుజం మీద నిమ్మకాయంత గట్టి కాయ ఉండేది. గోనెసంచి మడతపెట్టి దాని మీద బరువు ఎత్తుకునేవారట. ఆ మడత అరిగి, కింద చర్మం కాయగట్టింది. చిన్నప్పుడు ఆయన వీపు మీద ఎక్కి ఆడుకునేటప్పుడు దాన్ని వేలితో నొక్కి చూసేవాడిని. లోపల రాయి ఉందేమో అనిపించేది. "నొప్పి లేదా?" అంటే, "సాగర్ కట్ట పూర్తయ్యాక పోయింది" అనేవాడు.

1965లో ఆయన ఆ కట్ట మీదనే పనిలో ఉన్నాడు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. సరిహద్దులో పాకిస్తాన్‌తో యుద్ధం. తిండిగింజల కోసం అమెరికా నుంచి వచ్చే ఓడల వైపు చూసే కాలం. కూలీల గుడిసెల దగ్గర టీ హోటల్లో ఒక రేడియో ఉండేది. ఒకరోజు తెలుగు వార్తల్లో శాస్త్రి గారి మాట వచ్చింది. దేశంలో ప్రతి ఒక్కరూ వారానికి ఒక పూట, సోమవారం సాయంత్రం, భోజనం మానుకోవాలని. అలా అడగడానికి ముందు ఆయన తన ఇంట్లో పిల్లలతో సహా ఒక పూట పస్తుండి, ఉండగలమని తెలుసుకున్నాకే బయటికి చెప్పారట. నగరాల్లో సోమవారం సాయంత్రాలు హోటళ్లు మూసేశారు.

గుడిసెల్లో మాత్రం ఆ మాట మీద పెద్ద రభసే జరిగిందట. "మనం తినేదే ఒక పూట, అందులోంచి ఢిల్లీకి ఏం తీసిపెట్టాలి?" అని ఒక పెద్దాయన గట్టిగా అరిచాడని నాయన చెప్పేవాడు. ఆయన మాట తప్పని నేను అనలేను. కడుపునిండా తినేవాడు ఒక పూట మానడం వేరు, రాయి మోసేవాడు మానడం వేరు. అయినా కొందరు మొదలుపెట్టారు. నాయన అందులో ఉన్నాడు. ఎందుకు మొదలుపెట్టావని అడిగితే ఆయన దగ్గర పెద్ద కారణమేమీ దొరికేది కాదు. "అడిగినవాడు తాను ఉపవాసం ఉండి అడిగాడు కదా" అనేవాడు, అంతే.

1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. ఆ రాత్రి గడవకముందే, 11వ తేదీ తొలి గంటల్లో, శాస్త్రి గారు అక్కడే కన్నుమూశారు. ప్రధాని అయి పందొమ్మిది నెలలు. కట్ట మీద పని ఆపేసి కూలీలంతా ఆ రేడియో చుట్టూ నిలబడ్డారట. కొన్ని వారాలు గడిచాక, ఒక్కపొద్దు ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ సోమవారం రాత్రి తినడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ విజ్ఞప్తి సంగతి ఎవరూ ఎత్తలేదు. "చెప్పిన మనిషే లేడు, ఇంక నువ్వూ మానుకో" అన్నారట తోటివాళ్లు. "ఆయన ఉంటే అడిగి మానుకునేవాడిని. ఇప్పుడు ఎవరిని అడగాలి?" అన్నాడట నాయన.

అలా నలభై నాలుగేళ్లు.

అమ్మకు ఇది మొదట్లో నచ్చలేదు. ఆమె ఎప్పుడూ ఆ ఒక్కపొద్దు ఉండలేదు కూడా. "వండేవాళ్లకు పస్తులు కొత్తా? గిన్నె అడుగు ఎవరికి మిగులుతుందో మీ నాయనకేం తెలుసు" అనేది. అయితే శాస్త్రి గారంటే ఆమెకు కోపం లేదు. నిజానికి మా ఇంట్లో ఆయన పేరు నాయనకంటే ముందు అమ్మకే తెలుసు.

అమ్మ పుట్టిల్లు పాలమూరు వైపు, జడ్చర్ల దగ్గర. మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. 1956 సెప్టెంబర్‌లో ఒక వాన రాత్రి జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వంతెన కూలి రైలు వాగులో పడింది. 100 మందికి పైగా చనిపోయారు. అమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. తాతను నిద్రలేపి తీసుకెళ్లారు. మూడో రోజుకు గానీ ఇంటికి రాలేదు. వచ్చాక కాళ్లు కడుక్కోవడానికి వంగి, అలాగే చాలాసేపు వంగి ఉండిపోయాడని అమ్మ చెప్పేది. ఆయన బట్టలకు అంటిన ఒండ్రు మూడు సార్లు ఉతికినా పోలేదట. అక్కడ చూసినవేవీ తాత ఎవరికీ చెప్పలేదు. చెప్పిన సంగతి ఒక్కటే. "మన వంతెన కూలినందుకు ఢిల్లీలో రైలు మంత్రి కుర్చీ దిగాడు." ఆ మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి.

నేను డిగ్రీ చదివేటప్పుడు దీని గురించి సరిగ్గా తెలుసుకున్నాను. పాలమూరు ప్రమాదానికి శాస్త్రి గారు రాజీనామా ఇచ్చిన మాట నిజం, కానీ నెహ్రూ దాన్ని ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకుండానే, నవంబర్‌లో, తమిళనాడులోని అరియలూరు దగ్గర అలాగే మరో రైలు నీళ్లలో పడి 140 మందికి పైగా చనిపోయారు. శాస్త్రి గారు మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ ఒప్పుకున్నారు. తప్పు ఆయనదని కాదు, బాధ్యత అంటే ఏమిటో అందరికీ ఒక దారి చూపినట్టు ఉంటుందని పార్లమెంటులో చెప్పారు. ఇదంతా సెలవుల్లో తాతకు వివరించాను. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది. వాకిట్లో వేపచెట్టు కింద మంచం మీద పడుకుని అంతా విన్నాడు. "రాసింది రాసినట్టే కదరా. తీసుకోకపోవడం తీసుకునేవాళ్ల ఇష్టం" అన్నాడు. ఆయన లెక్కలో అది పాలమూరు వంతెన కోసమే. చనిపోయేవరకూ ఆ మాట మార్చలేదు. తర్వాత నేనూ దాన్ని మార్చాలని చూడలేదు.

సాగర్ నీళ్లు శాస్త్రి గారు చూడలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ వచ్చి కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, మన వైపున్న ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు. నాకు ఊహ తెలిసేనాటికి మా పొలం పక్క మైనరులో, అంటే పిల్లకాలువలో, నీళ్లు పారుతున్నాయి. ఊళ్లో అందరూ ఎడమ కాలువ అనేవారు. కాలువ కాపలా చూసే లష్కర్లు, ఇంజనీర్లు అంకెలతో, పొడి అక్షరాలతో చెప్పుకునేవారు. మా నాయన ఒక్కడే దాన్ని పూర్తిగా "లాల్ బహదూర్ కాలువ" అనేవాడు. "లాల్ బహదూర్ కాలువ వదిలారట, మడి దున్నాలి" అనేవాడు. తూము దగ్గర వంతుల కోసం కొట్లాటలు జరిగితే, "ఆయన కాలువ మీద నిలబడి కొట్టుకుంటారా" అని మందలించేవాడు. తన భుజం మీద ఎక్కిన రాయి ఆపిన నీళ్లు, తాను ఒక పూట మానిన మనిషి పేరుతో, తన పొలంలోకే వచ్చాయన్నది ఆయనకు ఎన్నటికీ పాతబడని ఆశ్చర్యం. మొదటిసారి వరి కోసినప్పుడు కొత్త బియ్యం వండి, ముందు ముద్ద తీసి ఆ పటం ముందు పెట్టారని నాయనమ్మ చెప్పేది.

ఏడో తరగతిలో, 1978లో, మమ్మల్ని విహారయాత్రకు సాగర్ తీసుకెళ్లారు. ముందురోజు రాత్రి నాయన నాకు రెండు రూపాయలు ఇచ్చి, ఒక పని అప్పజెప్పాడు. "కాలువ మొదట్లో ఆయన పేరు రాసి ఉందేమో చూసి రా." బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్లాం. పైలాన్ దగ్గర దించారు. శంకుస్థాపన గుర్తుగా నిలిపిన ఆ స్తంభం చుట్టూ నిలబెట్టి, మా సారు నెహ్రూ ఆనాడు అన్న మాటలు చెప్పారు. తనకు ఈ శంకుస్థాపన ఒక పవిత్రమైన క్రతువని, దేశమంతా కట్టుకుంటున్న కొత్త ఆలయాలకు ఇది గుర్తని నెహ్రూ అన్నారట. అది చెప్పేటప్పుడు సారు గొంతు కొద్దిగా వణికింది. పదమూడేళ్లయినా నిండని మాకు అది ఎందుకో తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆయన కూడా మెట్ట ఊరి నుంచి వచ్చినవాడే.

తర్వాత డ్యామ్ చూశాం. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. లాంచీలో నాగార్జునకొండకు తీసుకెళ్లారు. నీళ్లలో మునిగిపోయిన లోయలోంచి బౌద్ధుల నాటి శిల్పాలను తవ్వి తీసి, కొండ మీద భద్రపరిచిన మ్యూజియం అది. ఆ నీళ్ల కింద ఊళ్లు కూడా ఉన్నాయని లాంచీ నడిపే ఆయన చెప్పాడు. దాంతో లాంచీ అంచు పట్టుకుని కిందికి చూస్తూ కూర్చున్నాను. పైకి కనిపించేది ఆకుపచ్చని నీరే. ఈ సందడిలో పొద్దుగుంకింది. ఎడమ కాలువ మొదలయ్యే చోట బస్సు ఆగలేదు.

ఇంటికి వచ్చి చూడలేదని చెబుతుంటే ఏడుపు వచ్చింది. నాయన నా తల నిమిరి, "రాసినా రాయకపోయినా ఆ కాలువ ఆయనదే. అన్నం తిను" అన్నాడు. ఆ రోజు సోమవారం కాదు కాబట్టి ఇద్దరం కలిసి తిన్నాం.

నల్గొండ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు నగరంలోకి అడుగుపెట్టే చోటు ఎల్బీనగర్. కండక్టరు "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని అరుస్తాడు. ఉద్యోగం వచ్చాక నేను వేల సార్లు అక్కడ దిగి ఉంటాను. ఆ రెండు అక్షరాల వెనక లాల్ బహదూర్ ఉన్నారని ఆ బస్సులో ఎంతమందికి తెలుసో అని ప్రతిసారీ అనిపిస్తుంది. నాయన నాతో వచ్చినప్పుడు మాత్రం కండక్టరును "లాల్ బహదూర్ నగర్‌లో ఆపు నాయనా" అని అడిగేవాడు. కండక్టరు తెల్లబోయి చూసేవాడు. నేను పక్కన కూర్చుని నవ్వేవాడిని కాదు. ఆ సంగతి నాకు నేను గుర్తు చేసుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఆయన పుట్టినరోజు కూడా అక్టోబర్ 2 కావడం శాస్త్రి గారికి అదృష్టమో దురదృష్టమో నేను చెప్పలేను. బడుల్లో ఆ రోజు గాంధీజీ పటం ఒక్కటే కనిపిస్తుంది. నేను పనిచేసిన చోటల్లా రెండో పటం నేనే తీసుకెళ్లి పక్కన పెట్టేవాడిని. పెద్ద పని కాదు, ఒక మేకు కొట్టడమంత.

నాయన 2010లో చనిపోయాడు. చివరి రెండు వారాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, గొంతులో గొట్టం ద్వారానే ఆహారం ఇచ్చేవారు. సోమవారం వస్తే నర్సు వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఆమెకు అర్థం కాలేదు. మాకు అర్థమైనా, ఆ సోమవారాలు ఆయన మాట చెల్లించలేకపోయాం.

ఆయనకు ఢిల్లీ వెళ్లి శాస్త్రి గారి సమాధి విజయ్‌ఘాట్ చూడాలని ఉండేది. పంటలు, పెళ్లిళ్లు, అప్పులు, కుదరలేదు. 2013లో మా అబ్బాయికి ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. డిసెంబర్‌లో అమ్మను తీసుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కాను. అరవై ఆరేళ్ల అమ్మ, తాను పుట్టిన రైల్వే ఇంటి అలవాటు కొద్దీ, ప్రతి పెద్ద వంతెన మీదా కిటికీ దగ్గరికి జరిగి కిందికి చూసింది. వంతెన దాటాక చేతులు జోడించింది.

మేము చూడటానికి బయలుదేరిన రోజు సోమవారం అయింది. శాస్త్రి గారు ప్రధానిగా ఉన్న ఇంటిని ఇప్పుడు స్మారకంగా ఉంచారు, అది సోమవారం మూసి ఉంటుంది. అందుకని ముందు యమున ఒడ్డుకు వెళ్లాం. రాజ్‌ఘాట్‌లో బారులు తీరిన జనం. నల్లని రాతి వేదిక, దాని మీద హే రామ్ అన్న మాట, ఆరని జ్యోతి. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని నడిచింది. అక్కడి నుంచి శాంతివనం. నెహ్రూ గారి సమాధి ఒక గడ్డి దిబ్బ, చుట్టూ చెట్లు. "సాగర్‌కు పునాది వేసింది ఈయనే కదా" అని అడిగి, దిబ్బకు ఎదురుగా కొంచెంసేపు నిలబడింది.

విజయ్‌ఘాట్ చేరేసరికి ఎండ కాస్త వచ్చింది. మేము తప్ప మరో నలుగురైదుగురు. పచ్చికలో నీళ్లు పెడుతున్న తోటమాలి ఒకతను. అమ్మ చెప్పులు దూరంగానే విడిచింది. చలికి రాళ్లు మంచులా ఉన్నాయి, చెప్పులు వేసుకోమన్నా వినలేదు. గుళ్లో చేసినట్టే వేదిక చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. నేను వెనకే నడిచాను. మూడోది పూర్తయ్యాక ఒక పక్కకు వచ్చి పచ్చిక మీద కూర్చుంది. తోటమాలి దగ్గరికి వచ్చి ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. నేను నల్గొండ అని చెప్పబోతుంటే, అమ్మ తనకు తెలిసిన పాలమూరు ఉర్దూలో, "పాలమూరు. మా దగ్గర రైలు పడిపోతే ఈయన రాజీనామా చేశారు" అంది. అతను తల ఊపాడు. అక్టోబర్ రెండున, జనవరి పదకొండున పెద్దలు వస్తారని, మిగతా రోజుల్లో ఇలాగే ఉంటుందని చెప్పి, గొట్టం సర్దుకుంటూ వెళ్లాడు.

"మీ నాయన నలభై నాలుగేళ్లు పస్తున్నది ఈయనకే కదా" అంది అమ్మ. అవునన్నాను. "ఈయన చనిపోయాక ఇంట్లోవాళ్లు ఎట్లా బతికారు?" అని అడిగింది. నాయన ఎన్నడూ అడగని ప్రశ్న అది. నేనూ ఎన్నడూ ఆలోచించలేదు. రేపు ఇల్లు చూస్తే తెలుస్తుందన్నాను.

ఆ రాత్రి మా అబ్బాయి బయటి నుంచి భోజనం తెప్పించాడు. అమ్మ కంచం ముందు కూర్చుని, అన్నం మెతుకు ముట్టకుండా, "ఈ పూట నాకు వద్దు బిడ్డా" అంది. ఆమె జీవితంలో ఆ ఒక్కపొద్దు ఉండటం అదే మొదలు. నేనూ లేచాను. అబ్బాయికి ఒక్కడికే వడ్డించాం. వాడు తాతను బాగా ఎరిగినవాడే. రెండు ముద్దలు తిని, మిగతాది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాడు.

మరునాడు వెళ్లిన ఇల్లు మోతీలాల్ నెహ్రూ ప్లేస్‌లో ఉంది, పది జన్‌పథ్ పక్కనే. ప్రధానమంత్రి ఇల్లంటే అమ్మ ఏదో ఊహించుకుంది. చిన్న గదులు. పడుకునే గది, చదువుకునే గది. గోడల నిండా ఫొటోలు. ఆయన ఎత్తు ఎంత తక్కువో, పక్కన నిలబడ్డవాళ్లను చూస్తేనే తెలుస్తుంది. అమ్మ అన్నీ వరుసగా చూస్తూ వచ్చి ఒక కారు దగ్గర ఆగిపోయింది. పాత ఫియట్ కారు. దాని సంగతి చదివి తెలుగులో చెప్పాను. ఆయన ప్రధాని అయ్యాక కూడా సొంత కారు లేదు. 1964లో కొనాలనుకుంటే ధర 12,000 రూపాయలు, బ్యాంకులో ఉన్నవి 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. అది తీరకముందే తాష్కెంట్‌లో చనిపోయారు.

అమ్మ కారు చుట్టూ ఉన్న తాడు పట్టుకుని అడిగింది. "అప్పు తీరిందా?"

"ఆయన భార్య లలితమ్మ గారు తీర్చారట. తనకు వచ్చే పింఛనులోంచి."

అమ్మ ఇంకేమీ అడగలేదు. చాలాసేపు అక్కడే నిలబడింది. వెనక వచ్చినవాళ్లు పక్కనుంచి చూసి వెళ్లిపోతున్నారు. కారు ముందు అద్దంలో ఆమె తెల్లచీర నీడ పడుతోంది. నేను పిలిచినా రాలేదు. ఒకసారి వంగి చక్రాల వైపు కూడా చూసింది.

ఊరికి తిరిగొచ్చిన వారానికి అమ్మ నన్ను లోపలికి పిలిచింది. గోడ మీది ఆ పటం దించి, వెనక అట్టకు దోపిన కాగితాలు తీసింది. రసీదులు. నాయన బోరు మోటారు కోసం సొసైటీలో తీసుకున్న అప్పు ఉన్నట్టే నాకు గుర్తు లేదు. ఆయన చనిపోయాక ఆమె వితంతు పింఛనులో కొంత, కౌలు డబ్బుల్లో కొంత, మూడేళ్లుగా కడుతూ వచ్చింది. ఎన్నికలు వస్తున్నాయి, మాఫీ అవుతుంది, ఆగమని ఊళ్లో ఎంతమంది చెప్పినా ఆగలేదట. "నాకు ఎందుకు చెప్పలేదమ్మా? నేను కట్టేవాడిని కదా" అన్నాను.

"నీ అప్పా?" అంది.

చివరి రసీదు నా చేత చదివించుకుంది. బాకీ సున్నా అని రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించమంది. చూపించాను. కాగితాన్ని దాని పాత మడతల్లోనే మడిచి, మళ్లీ అట్టకు దోపి, పటాన్ని మేకుకు తగిలించింది. అద్దం మీద పాత కుంకుమ ఎండి రాలుతోంది. కొంగు తడిచేసి తుడిచి, భరిణె మూత తీసి, ఉంగరపు వేలితో కొత్త బొట్టు పెట్టింది.